కొమ్ములున్న మాస్టారు

“ఆ కొమ్ములు ఎవరి కంట్లోనైనా దిగితే ఏం చేస్తామండీ?”

పెనం మీద పెసరట్టు తిరగేస్తూ అన్నాను ఈ మాట. అప్పటికి మా ఇంట్లో కొమ్ములున్న జీవం ఒక్కటీ లేదు. కొమ్ములున్న మేకపోతును తెచ్చుకుందామన్న ఆలోచనే ముందు రోజు సాయంత్రం పుట్టింది. ఆ పోతు ఏ ఊళ్ళో ఉందో, దాని రంగేమిటో, అసలు మనకిస్తారో లేదో ఎవరికీ తెలియదు. మా ఆయన అల్లం పచ్చడి వేలితో నాకి, “ముందు పోతును రానివ్వు. కళ్ళ సంగతి తర్వాత చూద్దాం” అన్నారు. మా అమ్మాయి భాగ్యశ్రీ తలెత్తలేదు. దాని పళ్ళెంలో అట్టు వేసింది వేసినట్టే ఉంది.

దాని ముఖం చూసి పొయ్యి ఆపేశాను. ఈ తిప్పలన్నిటికీ మూలం నేనే మరి.

మాది ముదినేపల్లి దగ్గర చిన్న పల్లె. ఇంటి ముందు వరిచేలు, వెనక చేపల చెరువులు. నాలుగేళ్ళ కిందట భాగ్యశ్రీ డిగ్రీ అయిపోయాక పాడి మేకలు పెంచుతానని కూర్చుంది. పసిపిల్లలున్న ఇళ్ళవాళ్ళు, గేదెపాలు పడని పెద్దవాళ్ళు ముదినేపల్లిలో మేకపాల కోసం అడుగుతున్నారని లెక్క చెప్పింది. నేను ఒప్పుకున్నాను, కానీ ఒక్క షరతు పెట్టాను. ఇంటికొచ్చే ప్రతి మేకా బోడి తలదే అయి ఉండాలి. నన్ను ఏ మేకా ఏనాడూ పొడవలేదు. పొడుస్తుందేమోనని నా భయం. ఆ భయంతోనే అంతకుముందు ఇంట్లో ఉన్న గేదెను కూడా అమ్మించేశాను.

కొమ్ములు లేని మేకల కోసం మా ఆయన చుట్టుపక్కల సంతలన్నీ తిరిగారు. ఆరు ఆడమేకలు దొరికాయి. ఆరింటికీ నున్నటి తలలే. చివరికి నల్లజర్ల నుంచి పట్టుకొచ్చిన పోతు కూడా పుట్టు బోడిదే. వాడికి గుండు అని పేరు పెట్టాం. దారిన పోయేవాళ్ళు ఆగి, అన్నీ ఒకే మూసలో పోసినట్టున్నాయే అని మెచ్చుకునేవారు. వాళ్ళు వెళ్ళగానే నేను ఉప్పు తిప్పి దిష్టి తీసేదాన్ని. ఎవరి కన్ను పడుతుందో అని కాపలా కాశాను గానీ, తప్పు నా చేతిలోనే ఉందని నాకేం తెలుసు.

పోయినేడు ఎనిమిది పిల్లలు పుట్టాయి. నాలుగు పోతులు, నాలుగు ఆడవి. మందకు కావలసింది ఆడవే కాబట్టి మా ఆనందానికి పట్టపగ్గాలు లేవు. వాటికి నేనే దగ్గరుండి పాలు పట్టాను. ఏడాది గడిచేసరికి ఆ నాలుగింటిలో మూడిటికి గడ్డాలు మొలిచాయి. తోటి మేకల వెంటపడటం మొదలుపెట్టాయి. నాలుగింటిలో ఒక్కటీ ఎదకు రాలేదు. మా ఆయన పడీ పడీ నవ్వారు. నేను మాత్రం ఎవరో ఏదో చేయించారని అనుకుని నిద్ర మానుకున్నాను.

పశువుల డాక్టరు స్నేహలత గారు వచ్చి చూసి, ఇవి ఆడవీ కావు మగవీ కావు, చూలు కట్టవు, పాలివ్వవు అని తేల్చేశారు. తల్లీ తండ్రీ ఇద్దరూ పుట్టుకతో కొమ్ములు లేనివే అయితే మేకల్లో ఇలాంటి పిల్లలు పుడుతుంటాయట. ఇద్దరిలో ఒకరికి కొమ్ములుంటే ఆ బెడద ఉండదట. అన్నీ చెప్పి, “ఏరి కోరి ఆరూ బోడివే, ఆపైన పోతూ బోడిదే. ఇదెవరి సెలక్షన్ అండీ?” అని అడిగారు.

మా ఆయన చూరు వైపు చూశారు. భాగ్యశ్రీ చప్పున, “అప్పుడు దొరికినవి అవే మేడమ్” అంది.

అది నన్ను తిట్టి ఉంటే బాగుండేది. రెండు మేకలు అప్పటికే ముసలివైపోయాయి. వాటి స్థానంలోకి రావలసిన పిల్లలు గడ్డాలు పెంచుకుని తిరుగుతున్నాయి. ఈ ఏడాది కూడా సరైన ఆడపిల్లలు పుట్టకపోతే మేకలు తీసేస్తానని భాగ్యశ్రీ వాళ్ళ నాన్నతో నెమ్మదిగా అంటుంటే విన్నాను. నాతో మాత్రం అనలేదు.

కొమ్ములున్న మంచి పోతు కావాలంటే తాడేపల్లిగూడెంలో నబీ గారని ఉన్నారు, ఆయన దగ్గర చూడమని స్నేహలత గారే తర్వాత ఫోనులో చెప్పారు. ఆ ఆదివారం ముగ్గురం బయలుదేరి ఏలూరులో బస్సు మారి గూడెం వెళ్ళాం. దారి పొడుగునా నేను కొమ్ముల పొడవు గురించే ఆలోచించాను.

నబీ గారు టైలరు. రైసు మిల్లు వెనక సందులో ఇల్లు, పెరట్లో పది మేకలు. మేకల పెత్తనం మాత్రం ఆయన భార్య చాంద్ బీ గారిది. యాభై దాటిన మనిషి, చీర కొంగు నడుముకు దోపి, చేతిలో అవిసె మండతో ఎదురొచ్చారు. పోతును చూపించమంటే, ముందు దాని తల్లిని చూడండి అన్నారు. పోతును చూసి పోతును తీసుకునేవాళ్ళు మాంసం కొనేవాళ్ళేనట. పాల కోసం తీసుకునేవాళ్ళు తల్లి పొదుగు చూడాలట. ఆ తల్లిమేకను మా ముందే పితికారు. గిన్నె నిండింది. రెండు చన్నులూ సమానంగా, చేతికి అందేలా ఉన్నాయి. పొదుగు పితికాక ఖాళీ సంచిలా మెత్తగా అయిపోయింది. భాగ్యశ్రీ చేత్తో తడిమి చూసి, ఆరు నెలల తర్వాత మొదటిసారి నవ్వింది.

ఆ తర్వాత పోతును వదిలారు. ఎర్రమట్టి రంగు, వేలాడే చెవులు, పొడుగాటి గడ్డం. కొమ్ములు నెత్తి మీంచి వెనక్కి వంపు తిరిగి ఉన్నాయి, నా ముంజేతి అంత. అది వచ్చి మా ముగ్గురినీ పైనుంచి కిందిదాకా చూసింది. పరీక్ష పేపరు దిద్దుతున్నట్టు అనిపించింది. రోజూ పొద్దున్నే గేటు దగ్గర నిలబడి బడికెళ్ళే పిల్లల్ని అలాగే చూస్తుంది కాబట్టి మాస్టారు అని పేరు పెట్టారట. దాని కాళ్ళు, గిట్టలు, పళ్ళు, వెనక రెండు వృషణాలూ సమానంగా ఉన్నాయో లేదో భాగ్యశ్రీ వంగి వంగి చూస్తుంటే, నేను అమ్మాయి కొంగు పట్టుకుని వెనక్కి లాగుతూనే ఉన్నాను.

బక్రీదుకు ఎంతమంది వచ్చి అడిగినా చాంద్ బీ గారు మాస్టారును ఇవ్వలేదట. పాడికి పనికొచ్చే పోతును వాళ్ళ ఇంట్లో అమ్మరు. రెండేళ్ళకోసారి ఇంకో ఇంటి పోతుతో మార్చుకుంటారు. లేకపోతే సొంత కూతుళ్ళనే కలుస్తుంది, మంద పాడవుతుంది. మా గుండు సంగతి చెప్పగానే ఆవిడ ముఖం వెలిగింది. వాళ్ళ పది మేకలకూ కొమ్ములున్నాయి. గుండును అక్కడికి పంపితే వాళ్ళకు చేటు లేదు, మాస్టారు ఇక్కడికొస్తే మాకు మేలు.

అన్నీ కుదిరాయి అనుకున్నాం. అప్పుడు నబీ గారు కుట్టుమిషను దగ్గర్నుంచి లేచి మా ఆయన దగ్గరికి వచ్చారు. “మా నాన్నగారి నాటి పద్ధతి ఒకటుందండీ బంగార్రాజు గారూ. పోతును మూడు వారాలు మీ దగ్గర ఉంచుతాం. తర్వాత మేం వచ్చి, రోజూ దానికి ఆకు వేసే చేతిని అడుగుతాం. ఆ చెయ్యి ఒప్పుకుంటేనే మార్పు. అప్పటిదాకా మేకలతో కలపకూడదు.”

ఎందుకంటే, భయపడే మనిషి చేతిలో తిన్న పోతు మొండిదవుతుందట. భాగ్యశ్రీ పొద్దున్నే పాలు పోయడానికి వెళ్తుంది, మా ఆయన చేలోకి వెళ్తారు, మరి ఆకు వేసేదెవరు అని చాంద్ బీ గారు అడిగారు. ఇద్దరూ నా వైపు చూశారు. ఆవిడ నన్ను చూసి, నా వెనక భాగ్యశ్రీ కొంగును గట్టిగా పట్టుకున్న నా పిడికిలిని చూసి, ఏమీ అనకుండా అవిసె మండ నా చేతికిచ్చారు. నేను దాన్ని మా ఆయనకిచ్చాను.

పోతును తేవడానికి పై ఆదివారం మళ్ళీ వెళ్ళాం. మినీ వ్యాన్‌లో మాస్టారు, మా ఆయన, భాగ్యశ్రీ వచ్చారు. నేను బస్సులో వచ్చాను.

ఆ వారంలో, పోతు ఇంటికి చేరేలోపే నా ఏర్పాట్లు చేయించేశాను. పాలకు దాని వాసన పట్టకూడదు కాబట్టి ఆడమేకల పాకకు దూరంగా, బావికి అవతల కొట్టం. నేల చెమ్మ గిట్టలకు పడదని సరుగుడు కర్రల మంచె. ఇవి భాగ్యశ్రీ చెప్పినవి. చుట్టూ ఇనప వల కట్టించడం, తలుపుకు మూడు గొళ్ళేలు పెట్టించడం నా సొంతం. పైగా రెండు టెన్నిసు బంతులు తెప్పించి, కన్నాలు పొడిపించి, కొమ్ముల చివర్లకు తొడిగించాను. గంటలో ఒకదాన్ని మాస్టారు గోడకేసి రాసి ఊడగొట్టింది. రెండోదాన్ని పక్కన కట్టేసిన గుండు నమిలేశాడు.

ఆకు వేయడానికి పొడవాటి వెదురు గెడ చివర మండ కట్టి వల మీంచి అందించేదాన్ని. మా ఆయన చూసి, “చేపలు పడుతున్నావా?” అన్నారు. నేనేమో గెడ ఇంకో మూర పొడుగుంటే బాగుంటుందని ఆలోచిస్తున్నాను.

నాలుగో రోజు తెల్లారి చూస్తే మాస్టారు ఆడమేకల పాక వైపు తిరిగి, మెడ ఎత్తి, పై పెదవి వెనక్కి మడిచి, ఆకాశంలోకి చూస్తూ కొయ్యబారిపోయి ఉంది. గడ్డమంతా తడి. మూర్ఛ అనుకున్నాను. వాళ్ళ పోతు మన ఇంట్లో చచ్చిపోతే ఏం సమాధానం చెప్పాలనుకుంటూ స్నేహలత గారికి ఫోను చేశాను. ఆవిడ అంతా విని, నవ్వు ఆపుకుంటూ, ఎదకొచ్చిన మేక వాసన తగిలితే పోతు అలాగే చేస్తుందని, గడ్డం మీద తన మూత్రం తనే పోసుకుంటుందని, దానికి అత్తరు అదేనని చెప్పారు. ఆ పూట ఎదకొచ్చింది మల్లి. మా మందలో ఎక్కువ పాలిచ్చే మేక. మాట కాలేదు కాబట్టి కలపకూడదు. ఈ ఎద పోతే మళ్ళీ ఇరవై ఒక్క రోజులు ఆగాలని భాగ్యశ్రీ గోడ మీది క్యాలెండర్‌లో ఆ తేదీకి సున్నా చుట్టింది. ఆ సున్నా వంట చేసేటప్పుడు కూడా నాకు కనిపిస్తూనే ఉండేది.

రెండు వారాలు దాటాయి. ఓ మధ్యాహ్నం సన్నగా తుంపర పడుతోంది. మా ఆయన చేలో ఉన్నారు, భాగ్యశ్రీ మందుల కోసం ముదినేపల్లి వెళ్ళింది. బావి అవతల నుంచి ఓ అరుపు వినిపించింది. పోతు అరుపులా లేదు, గొంతు నొక్కిన మనిషి మూలుగులా ఉంది. వెళ్ళి చూస్తే మాస్టారు ఇనప వల గళ్ళలోంచి తల బయటపెట్టి, అవతల పడిన అవిసె మండను అందుకోబోయి, తల వెనక్కి తీసుకోలేక ఇరుక్కుపోయింది. తల వెళ్ళేటప్పుడు కొమ్ములు వంపులో జారిపోయాయి. వెనక్కి వచ్చేటప్పుడు కొక్కేల్లా పట్టేశాయి. లాగినకొద్దీ వల తీగ గొంతులోకి దిగుతోంది. నాలుక బయటికొచ్చేసింది.

నేను కట్టించిన వల అది. నన్ను కాపాడటానికి కట్టించినది.

కేకలు వేశాను. చెరువు గట్టు మీద ఎవరూ లేరు. భాగ్యశ్రీ ఫోను మోగి మోగి ఆగిపోయింది. బయట నుంచి తలను తోస్తే ఇంకా బిగుసుకుంటోంది. లోపలికెళ్ళి, మెడను ముందుకు వదులు చేసి, కొమ్ములు తిప్పాలి. మూడు గొళ్ళేలూ తీయడానికి నా చేతులకు ఎంతసేపు పట్టిందో. ఒక్క గొళ్ళెం చాలని పెట్టించిన రోజున మా ఆయన చెప్తూనే ఉన్నారు.

లోపలికెళ్ళి రెండు చేతులతో రెండు కొమ్ములూ పట్టుకున్నాను. కొమ్ము రాయిలా చల్లగా ఉంటుందనుకున్నాను. మొదలు దగ్గర వెచ్చగా ఉంది, జ్వరమొచ్చిన పిల్లల నుదురులా. నాడి కొట్టుకుంటున్నట్టు కూడా అనిపించింది. నెమ్మదిగా నాయనా, నెమ్మదిగా అంటూ ముందుకు వంచి, తలను పక్కకు వాల్చి, ఎడమ కొమ్మును ముందు తప్పించాను. వాడు కదల్లేదు. అంత బలమున్నవాడు ఊపిరి కూడా బిగపట్టి నిలబడ్డాడు. కుడి కొమ్ము కూడా వచ్చేసింది. ఇద్దరం వెనక్కి పడబోయాం.

వాడు దగ్గాడు, తల విదిలించాడు, నా వైపు తిరిగాడు. ఇక అయిపోయింది అనుకుని కళ్ళు మూసుకున్నాను. వాడు వచ్చి ఆ నుదురును నా పొట్టకు ఆనించి, గడ్డంతో సహా నా చీరకేసి రుద్దాడు. చాలాసేపు రుద్దాడు.

సాయంత్రం భాగ్యశ్రీ వచ్చేసరికి నేను బావి దగ్గర మూడోసారి ఒళ్ళు తోముకుంటున్నాను. ఆ వాసన రెండు రోజులు పోలేదు. మా ఆయన అన్నం వరండాలో తిన్నారు. ఆయనతోనే ఇనప వల మొత్తం పీకించి, నిలువు కర్రల దడి కట్టించాను. పొడుస్తుందని వల వేయించింది నువ్వే కదా అని ఆయన గుర్తుచేస్తే, “వాడి మెడకేమైనా అయితే ఎవరు చూస్తారండీ?” అన్నాను. ఆయన చేతిలో కత్తి పక్కన పెట్టి నన్ను ఓసారి చూసి, మళ్ళీ కర్రలు చెక్కుకున్నారు. వెదురు గెడ దడిలో ఓ కర్ర తక్కువైతే అక్కడ పెట్టేశాం.

మూడు వారాలు నిండిన నాలుగో రోజున నబీ గారు, చాంద్ బీ గారు మినీ వ్యాన్‌లో వచ్చారు. వాళ్ళు వచ్చేసరికే మల్లి పొద్దుటి నుంచి తోక ఆడిస్తూ, ఆగకుండా అరుస్తోంది. క్యాలెండర్‌లో సున్నా చుట్టిన తేదీ అదే. ఈ రోజు కూడా జారిపోతే మళ్ళీ మూడు వారాలు. మల్లి అరుపుకు జవాబుగా మాస్టారు దడికేసి కొమ్ములు టకటకలాడిస్తున్నాడు.

చాంద్ బీ గారు ముందు మాస్టారు దగ్గరికెళ్ళారు. చిగుళ్ళు చూశారు, గిట్టలు ఎత్తి చూశారు, మెడ కింద తీగ ఒరిసిన చోట వెంట్రుకలు ఊడి ఉంటే అక్కడ వేలు పెట్టి ఆగారు. నేను జరిగింది జరిగినట్టు చెప్పేశాను. వల నేనే వేయించానని కూడా చెప్పాను. అంతటితో ఆగకుండా, బోడి మేకలు తెప్పించింది నేనేనని, భాగ్యశ్రీ దొరికినవి అవే అని డాక్టరు గారితో చెప్పింది అబద్ధమని కూడా చెప్పేశాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. భాగ్యశ్రీ నా వైపు చూసి, చెయ్యి నా భుజం మీద వేసింది.

చాంద్ బీ గారు నా కొంగు అంచు పట్టుకుని వాసన చూశారు. పెదవుల చివర నవ్వు కనిపించింది గానీ దాన్ని అక్కడే ఆపేశారు. పద్ధతి ప్రకారం గట్టిగా, అందరికీ వినపడేలా నన్ను అడిగారు.

“భవానమ్మ గారూ, వీణ్ణి రెండేళ్ళు మీ చేతిలో పెట్టి వెళ్ళమంటారా?”

మా ఆయన నోరు తెరిచారు. నబీ గారు వేలు చూపించేసరికి మూసేశారు. భాగ్యశ్రీ గుండు పలుపు పట్టుకుని నిలబడింది. వాడప్పటికే వ్యాన్‌లో ఏముందోనని తొంగిచూస్తున్నాడు.

నేను ఎప్పుడూ ఎవరూ అడగకముందే మాట్లాడే మనిషిని. కానీ ఆ క్షణాన కళ్ళ ముందు ఎన్నో తిరిగాయి. దడి కర్ర విరిగితే. వానాకాలం గిట్టలు కుళ్ళితే. వాడికి గింజలు ఎక్కువై మూత్రంలో రాళ్ళు కడితే. భాగ్యశ్రీ ఏమరుపాటుగా వంగినప్పుడు వాడు సరదాకి కుమ్మితే. ఇవన్నీ నెగ్గి, రెండేళ్ళు గడిచి, వాణ్ణి పంపించే రోజు రానే వస్తే. మల్లి అరుస్తోంది. చెరువు మీద కొంగలు ఓ చుట్టు తిరిగి మళ్ళీ అక్కడే వాలాయి. నబీ గారు చొక్కా చివరి గుండీ తిప్పుతున్నారు. చాంద్ బీ గారు మాత్రం కదల్లేదు. నాకు టైమివ్వడానికే వచ్చినట్టు నిలబడ్డారు.

దడి మీంచి చెయ్యి చాచాను. వాడు తల దించాడు. కొమ్ము మొదట్లో, ఆ వెచ్చటి చోట వేళ్ళు ఆనించాను.

“రెండేళ్ళయ్యాక వీణ్ణి తీసుకెళ్ళేటప్పుడు వ్యాన్‌లో వెనకాల పక్కన నేనే కూర్చుంటానండీ” అన్నాను. “దారిలో కుదుపుకి ఆ కొమ్ములకేమైనా తగిలితే.”